తిన్న నోరు

అమ్మ అడ్డాకుల తొడిమలు గిల్లి పక్కన పడేస్తోంది. నేను ఆకు మీద ఆకు పేర్చి వెదురు పుల్లలతో కుడుతున్నాను. మర్నాడు గ్రామసభ. దానికి ముందు వెంకటరామారావు గారు గూడెం మొత్తానికి యాటకూరతో భోజనం పెడుతున్నారు. ఆయన కోస్తా నుంచి వచ్చి దమ్మపేటలో భూములు కొన్న ఆసామి. విస్తళ్ళు మమ్మల్నే కుట్టమన్నారు.

"సభ దేనికంట?" అని అమ్మ అడిగింది.

మా నాయిన ముసలయ్య బీడీ ఆర్పాడు. "రోడ్డు కోసమంట. నీకెందుకే? కుట్టు."

మా గూడెంలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి అన్నం తింటే, ఆ పొద్దు గూకేదాకా వాళ్ళకు ఎదురు చెప్పకూడదు. పెళ్ళిళ్ళ దగ్గర కొట్లాటలు రాకుండా ఎప్పుడో పెద్దలు పెట్టింది.

మర్నాడు వడ్డించే పనిలో పడి అమ్మ బంతిలో కూర్చోలేదు. నాయినే విస్తరిలో అన్నం, కూర తెచ్చాడు.

"పొద్దుగాల సంది ఏం తినకపోతివి. తిను ముత్తక్కా."

ఆయన అమ్మను పేరు పెట్టి పిలవడం నేనెప్పుడూ వినలేదు. అమ్మ సిగ్గుపడుతూ తిన్నది.

అందరూ చేతులు కడుక్కున్నాక రావుగారు లేచారు. గుట్ట కింద ప్లాస్టిక్ ప్లేట్ల ఫ్యాక్టరీ పెడతారట. గూడెం ఒప్పుకుంటేనే ఆ జాగా దొరుకుతుందట. మా అడ్డాకు తీగలన్నీ అక్కడే ఉన్నాయి.

"మీరు ఆకులు తెంపి తెంపి అడవిని పాడుచేస్తున్నారని సర్కారే అంటోంది," అన్నారాయన. "మాది సముద్రంలో తోడే నూనెతో చేసే సరుకు. ఒక్క ఆకు తెగదు. పర్యావరణానికి ఇదే మంచిదని మంత్రిగారే అన్నారు."

అమ్మ లేచింది. ఆమె మనసులో ఏముందో నాకు తెలుసు. కిందటి ఎండాకాలం సంత కాడ కవర్లు మేసి మా ఆవు పొట్ట ఉబ్బి చచ్చింది. కోస్తే లోపల గడ్డి లేదు, కవర్ల ముద్దలే.

"అయ్యా, తిన్నంక ఆ ప్లేట్లు ఏడ..."

"ముత్తక్కా!" గూడెం పెద్ద దస్రు గద్దించాడు. "మూతి తడి ఇంకా ఆరలేదు. కూసో."

అమ్మ కూర్చుంది.

రావుగారు నవ్వారు. "విస్తళ్ళు బాగా కుట్టావమ్మా. ఒకటి దాచుకో, మళ్ళీ దొరకవు."

అందరూ నవ్వారు. నాయిన అందరికంటే గట్టిగా నవ్వాడు. చేతులెత్తమంటే ఎత్తారు.

పొద్దుగూకాక నాయిన ప్లాస్టిక్ ప్లేట్ల కట్ట చంకలో పెట్టుకొని వచ్చాడు.

"గేటు కాడ వాచ్‌మెన్‌ని నేనే. మన శ్యామల ఊడ్వనీకి వస్తదని మాటిచ్చిన," అని నన్ను చూపించాడు.

"అంటే నీకు ముందే ఎర్కనా?" అంది అమ్మ.

"అవ్, ఎర్కనే. నీ నోరు గూడ ఎర్కనే. అందుకే తినబెట్టిన." మురిపెంగా ఒక ప్లేటు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఇగ దీంట్ల జావ పొయ్యి."

అమ్మ పొయ్యి మీద కుతకుత ఉడుకుతున్న జావ గరిటెతో ముంచి పోసింది. ఆయన చాలనలేదు. ఆమె ఆపలేదు. ప్లేటు మెత్తబడి మధ్యలో కుంగింది. జావంతా ఆయన తొడల మీద పారింది.

నాయిన అరుస్తూ కింద పడి పొర్లాడు. నేను నీళ్ళకు ఉరికాను. అమ్మ నీళ్ళకుండ మూత మీద చెయ్యి పెట్టి నిలబడింది. ఎంత గుంజినా ఆ చెయ్యి కదల్లేదు. అరుపులు మూలుగులయ్యేదాకా ఆయన్నే చూస్తూ ఉంది.

అప్పుడు చెయ్యి తీసింది. కొంగు దులుపుకొని, నా వైపు కూడా చూడకుండా వాకిలి దాటి వెళ్ళిపోయింది.