ఉపవాసం నాటి పొయ్యి

దయామణి చర్చి వెనుక పందిట్ల ఉల్లిగడ్డలు కోస్తుంటె మైకుల ఆమె మొగని గొంతు ఇనవడ్డది. "మా పాస్టరమ్మ చేతికి ఉప్పంటె ఎందుకో కోపం. జర ఓపిక పట్టుండ్రి." రేకుల షెడ్డు చర్చంత నవ్వింది. నవ్వరా మరి! శుక్రవారం ఉపవాస ప్రార్థన. పొద్దుగాల్నుంచి అందరు కడుపు మాడ్చుకొని మోకాళ్ల మీద ఉంటరు, మూడింటికి ఆమెన్ అనంగనే వెనుక పందిట్ల బువ్వకు కూసుంటరు. ఆ బువ్వ వండేటామెది కూడ ఉపవాసమే. ఉపవాసమున్నామె కూర నోట్లేసుకొని ఉప్పు సూస్తదా? గీ మాత్రం సోయి మైకు పట్టుకున్నోనికి లేదు.

కాగజ్‌నగర్ల ఆ సంఘం పెట్టినప్పటి సంది గిదే కథ. పాస్టర్ ముత్యం వాక్యం చెప్తడు, దయామణి వండుతది. గంజు కింద మంట ఎగదోసుకుంట, గంటె తిప్పుకుంట ఒక్కొక్కరి పేరు తలుసుకునేది. కొమురెల్లికి మిల్లుల పని దొరకాలె ప్రభువా. ప్రవళిక కడుపు పండాలె. బాలవ్వ మోకాళ్లకు బలమియ్యి. ఆమెకు అదే ప్రార్థన. లోపల కండ్లు మూసుకున్నోళ్ల కంటె తనే ప్రభువుకు దగ్గరున్ననని అనుకునేది. ఎవరితోని అనలే.

పోయిన వారం మాత్రం మొగనితోని ఒక మాట అన్నది. సంఘం పండుగ నాడు సేవ చేసేటోళ్లను నిలవెట్టి ప్రార్థన చేస్తరు గదా, నా పేరు కూడ పిలువుండ్రి అని. ముత్యం చెయ్యి కడుక్కుంట నవ్విండు. "వంట సేవెట్లయితదే? గది కడుపు పని. సేవంటె ఆత్మల పని." అత్త లస్మవ్వ మంచం మీదికెల్లి అందుకున్నది. "పొయ్యి కాడామెకు స్టేజీ కావాల్నట."

కడుపు పనట! మరి ప్రభువు సచ్చి లేచినంక ఏం చేసిండు? రాత్రంత వల లాగి అలిసి వచ్చిన శిష్యుల కోసం ఒడ్డున బొగ్గులు రాజేసి చేపలు కాల్చిండు, దగ్గరుండి పెట్టిండు. ఆయన చేసింది కూడ కడుపు పనేనా? గా ముచ్చట ఏటేట మైకుల చెప్పేటోడే గిట్లన్నడు. దయామణికి అప్పుడు ఏడుపొచ్చింది. ఇయ్యాల చర్చంత నవ్వినంక ఏడుపు రాలే. కసి వచ్చింది.

కత్తిపీట పక్కకు జరిపింది. షుగరున్న బాలవ్వ చేతుల రెండు అరటిపండ్లు పెట్టి, "తినవ్వా, ఇయ్యాల బువ్వ ఆలస్యమైతది" అన్నది. చర్చి లోపలికి పోయి ముంగటి సాప మీద, మొగని ఎదురుంగ మోకాళ్లేసింది.

మూడయింది. ఆమెన్ అన్నరు. అందరు పందిరి దిక్కు సూసిండ్రు. పొగ లేదు, వాసన లేదు. ముత్యం ఆమె మీదికి వంగి మెల్లగ అడిగిండు.

"బువ్వేదే?"

"వండలే."

"ఇజ్జత్ తీయకు. లే."

ఆమె లేవలే. అందరికి ఇనవడేటట్టు అన్నది. "పాస్టరయ్యా, కడుపు పనికి ఎందుకు పరేషాన్ అయితరు? మీరే గదా చెప్పింది, సేవంటె ఆత్మల పనేనని. పొద్దుమీకేదాంక గదే చేద్దాం."

చర్చిల ఎవ్వరు నవ్వలే. కొమురెల్లి కడుపు మాత్రం గుర్రుమన్నది. ప్రవళిక పొయ్యి కాడికి పోదామని లేస్తుంటె దయామణి చెయ్యి పట్టి ఆపింది. "కూసో బిడ్డా. అలిసినోళ్లకు ప్రభువే వండి పెట్టిండు. ఆయన సేవకునికి నామోషీ ఉండదు."

ఇంత మందిల కాదనేదెట్ల? ముత్యం తెల్లంగీ చేతులు మలుసుకొని పందిట్లకు పోయిండు. కట్టెలు కెలికిండు, డబ్బాలు తెరిసిండు, గంజులు ఎత్తి సూసిండు. "అగ్గిపెట్టె యాడ పెట్టినవే?" అని కేకేసిండు.

అది దయామణి కొంగుల ముడేసి ఉన్నది. ఆమె కండ్లు మూసుకున్నది. ప్రభువా, ఇది పాపమైతే రేపు ఒప్పుకుంట.