పెత్రమాస బియ్యం

కార్వాన్‌లోని మా ముత్యాల దుకాణానికి బాపు ‘రాజవంశీకుల వ్యాపారం’ అని బోర్డు పెట్టించాడు. ఆ వంశానికి ఆధారం మా హాల్లో వేలాడే తలపాగా పెద్దమనిషి పటం ఒక్కటే. దాన్ని బాపు జుమ్మేరాత్ బజార్ పాత సామాన్లలో కొన్నాడని ఇంట్లో అందరికీ తెలుసు. వచ్చినవాళ్లకు మాత్రం ఆయన మా ముత్తాత. ఏటా పెత్రమాస నాడు, పెద్దల పేరు మీద అయ్యగారికి ఇచ్చే బియ్యం కూడా ఆయన పేరునే ఇస్తాం. ఇంత సిగ్గులేనితనం ఇంకెక్కడైనా ఉంటుందా?

నా పెళ్లిచూపులకు ఒక పాత సంస్థానం వాళ్లొచ్చారు. పిల్లవాడి తండ్రి పటం ముందు ఆగి, రెండు చేతులూ జోడించాడు.

"మా తాత," అన్నాడు బాపు మీసం దువ్వుతూ.

"మాకు గూడ తాతనే," అన్నాడాయన మెల్లగా. "ఇల్లు అమ్ముకున్ననాడు సామాన్లల్ల పోయిండు."

బాపు చెయ్యి మీసం మీదే ఆగిపోయింది. నేను తలెత్తలేకపోయాను. ఆయన తిట్టినా బాగుండేది.

"పెత్రమాసకు బియ్యమిస్తున్నరా?" అని మాత్రం అడిగాడు.

"ఏటేటా ఇస్తున్నం," అన్నాడు బాపు.

"మంచిది. మేమియ్యక మస్తు యేండ్లయింది." ఆయన కూడా తల దించుకున్నాడు.

మూలన కూర్చున్న నాయనమ్మ అప్పుడు నోరు విప్పింది.

"మరి గంజ్ బజార్ల మూటలు మోసి మనల్ని సాకిన నీ సొంత తాత, మా మామ మొగులయ్యకు ఎవరిచ్చిన్రు బిడ్డా, బియ్యం?"