గంగాధరప్ప బండికి సౌండ్ సిస్టం

గంగాధరప్ప మూడోసారి నా షాపు ముందు బండి ఆపగానే నాకు ఒళ్లు మండిపోయింది. దిగకముందే అరుపు మొదలుపెట్టాడు.

"ఏమ్మా ప్రసూనా, ఇదేనా నీ పనితనం? పాటంతా గుడ్డ కప్పినట్టు ఉండాది. పైన ఆ చిన్న స్పీకర్లు ఉత్తుత్తికే పెట్టినావా?"

ఎదురుగా టీకొట్టు దగ్గరున్న వాళ్లంతా తలలు తిప్పారు. ఆయనకు కావాల్సిందీ అదే అనుకున్నాను. ధర్మవరంలో ఎనిమిది మరమగ్గాలున్న మనిషి, పైగా మా వీధి చివరిదాకా వెళ్లే గొంతు.

వచ్చే నెల ఆయన స్నేహితులతో కలిసి లడఖ్ వెళ్లాలి. దానికోసమే ఈ పెద్ద టూరింగ్ బైకు కొన్నాడు. దారి పొడవునా పాటలు వినాలట. హెల్మెట్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవచ్చు కదన్నా అంటే, వాటిల్లో ఏం వినబడి చచ్చిందని కొట్టిపారేశాడు.

సరేనని ప్లాను వేశాను. మూడు వారాలు వేశాను! బండి ఎంత కరెంటు పుట్టిస్తుంది, లైట్లకూ ఇంజనుకూ ఎంత పోతుంది, మిగిలినదాంతో ఎంత ఆంప్లిఫయర్ నడుస్తుంది, అన్నీ చార్టు మీద గీశాను. ముందు అద్దం కింద రెండు పెద్ద స్పీకర్లు. గాలి హోరులో కూడా పాట మాటలు తెలియాలంటే సన్నటి శబ్దం కావాలి కాబట్టి వాటి పైన రెండు ట్వీటర్లు, ఆయన ముఖానికి సూటిగా. వానకు తడవకుండా ఆంప్లిఫయర్ సీటు కింద. గుంతల్లో ఏదీ ఊడకుండా రబ్బరు బిగింపులు. మా నాయన బోరు మోటార్లకు వైండింగ్ చేసేవాడు. బోర్లు ఎండి మోటార్లు రావడం తగ్గాక, ఆయన బల్ల మీదే నేను ఈ పని మొదలుపెట్టాను. ఏ తీగ వేడెక్కుతుందో చెయ్యి పెడితే చెప్పగలను. అలాంటి నేను ఉత్తుత్తి స్పీకర్లు పెట్టానంటాడా?

మొదటిసారి గొడవకు వచ్చినప్పుడు ట్వీటర్ల కోణం మార్చాను. రెండోసారి ట్వీటర్లే మార్చాను. నాకు చెవులు గింగురుమన్నాయి గానీ ఆయనకు చాల్లేదు. ఈలోగా ఆడపిల్లకు పని ఇస్తే ఇంతేనని ఊరంతా చెప్పాడు. పోయిన వారం కార్లు తెస్తామన్న ఇద్దరు మళ్లీ కనబడలేదు. షాపు తెరిచి ఏడాది కూడా కాలేదు. ఇంకో నెల ఆయన నోరు ఇలాగే ఆడితే నేను షట్టరు దించుకోవాల్సిందే.

ఈసారి భార్య జ్యోతిలక్ష్మినీ, కొడుకు రాజేంద్రనూ వెంటబెట్టుకుని వచ్చాడు. రాజేంద్రకు ఇరవై నాలుగేళ్లు. చదువు ఆపినప్పటి నుంచీ మగ్గాల షెడ్డు అతనే చూసుకుంటున్నాడు.

"వీణ్ణడుగు, వీడూ అదే అంటాండాడు," అన్నాడు గంగాధరప్ప.

"అవునక్కా, కొంచెం డల్లుగానే ఉండాది," అన్నాడు రాజేంద్ర. తండ్రి తానా అంటే తందానా అంటాడు, ఇంకేం చెప్తాడు అనుకున్నాను.

"యాడప్పా డల్లు? నాకు చెవుల్లో సూదులు గుచ్చినట్టుండాది. రవ్వంత తగ్గించమ్మా," అంది జ్యోతిలక్ష్మి.

"నీకేం తెలుసు, ఊరుకో!" అని ఆమె మీద అరిచి, నా వైపు తిరిగాడు. "ఆదివారం లోపల సరిచేసినావా సరే. లేదంటే ఇదంతా పీకి నీ గడపలో పారేసి పోతా."

ఇక నావల్ల కాలేదు.

"ఆదివారం దాకా ఎందుకన్నా, ఇప్పుడే తేల్చుకుందాం రా," అన్నాను. టీకొట్టు ఓబుళేసునూ, అక్కడున్న నలుగురినీ కూడా పిలిచాను. నా పేరు పదిమందిలో పోయింది కాబట్టి పదిమందిలోనే తిరిగి రావాలి. స్పీకర్లు పరీక్షించడానికి నా ఫోన్లో ఒక యాప్ ఉంది. బొంగురు కూత నుంచి సన్నటి ఈల దాకా మెట్లు మెట్లుగా వినిపిస్తుంది. దాన్ని బండికి కలిపాను.

"శబ్దం వినబడినప్పుడల్లా చెయ్యెత్తు. ఈళ్లందరికీ కూడా వినబడలేదంటే నా స్పీకర్లు చచ్చినట్టే. నేనే పీకి పారేస్తా."

ఆయన బండి ముందు ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. బొంగురు కూతకు చెయ్యెత్తాడు. దాని పై మెట్టుకూ ఎత్తాడు. చూశారా అన్నట్టు అందరి వైపూ నవ్వాడు. నేను ఇంకా పైకి వెళ్లి ఈల పెట్టాను.

ఓబుళేసు మొహం చిట్లించాడు. జ్యోతిలక్ష్మి చెవులు మూసుకుంది. గంగాధరప్ప చెయ్యి మాత్రం లేవలేదు. నేను శబ్దం పెంచాను. కక్షతోనే పెంచాను, అబద్ధమెందుకు.

"ఏమ్మా, ఆపేస్తివే? ఎండలో నిలబెట్టినావు, ఎప్పుడు పెడతావు?" అన్నాడు గంగాధరప్ప.

ఎవరో కిసుక్కున నవ్వారు. నేను గెలిచాను. నా గెలుపు మీద నాకే రోత పుట్టింది. పాతికేళ్లుగా ఈయన మరమగ్గాల మధ్యే బతికాడు. ఆ షెడ్డు మోతలో పక్కనున్న మనిషితో కూడా అరిచే మాట్లాడాలి. మగ్గాలోళ్ల గొంతు అని ఊరంతా వాళ్లను ఆటపట్టిస్తాం. ఆ గొంతు ఎందుకలా అయిందో మేమెవరం అడగలేదు. ఈ చెవులతో ఈ మనిషి లారీల మధ్య లడఖ్ దాకా పోతానంటున్నాడు.

"నవ్వొద్దు!" అని టీకొట్టు వాళ్ల మీద అరిచాను. తర్వాత ఫోన్ ఆయన ముందు పెట్టాను. "మోగుతాండాదన్నా. ఇప్పుడూ మోగుతాండాది."

తెర మీద కదులుతున్న గీతను చూశాడు. వంగి ట్వీటర్ దగ్గర చెవి పెట్టాడు. రెండో చెవీ పెట్టాడు. లేచి భార్యను చూశాడు. ఆమె ఇంకా చెవుల మీది చేతులు తియ్యలేదు.

తిడతాడని సిద్ధపడ్డాను. తిట్టలేదు.

"రాజేంద్రా, ఇట్ల రా. ఈడ నిలబడు."

"నాకెందుకు నాయనా?"

"నిలబడమంటే నిలబడు!" అని కొడుకు భుజం పట్టుకుని తన చోట నిలబెట్టాడు. "మొదట్నుంచి పెట్టమ్మా."

రాజేంద్ర బొంగురు కూతకు చెయ్యెత్తాడు. పై మెట్టుకు ఎత్తాడు. తండ్రికి వినబడని ఈలకూ ఎత్తాడు. జ్యోతిలక్ష్మి ఊపిరి వదిలింది. నేను అక్కడితో ఆపెయ్యబోయాను.

"ఇంకా పైకి ఉండాది కదా. పెట్టు," అన్నాడు గంగాధరప్ప.

పెట్టాను. నా పళ్లు జివ్వుమన్నాయి. ఓబుళేసు రెండడుగులు వెనక్కి వేశాడు. రాజేంద్ర చెయ్యెత్తడానికి సిద్ధంగా, నవ్వుతూ నన్నే చూస్తున్నాడు.

"పెట్టక్కా," అన్నాడు.

గంగాధరప్ప మొహం నల్లబడింది. జేబులోంచి ఫోన్ లాగి షెడ్డుకు చేశాడు. అవతల ఎత్తగానే మగ్గాల మోత నాకు కూడా వినబడింది.

"మగ్గాలు ఆపండి!" అని అరిచాడు.

అవతలి మనిషి ఏమిటి, ఏమిటి అంటున్నాడు.

"ఆపండ్రా! అన్నీ ఆపండి!"

వాళ్లకు వినబడలేదు. మళ్లీ అరిచాడు.