రోకలి కావలి

కోటేష్ పాల్వంచ నుంచి సంచి నిండా గ్రహణం కళ్లద్దాలు తెచ్చాడు. ఉత్త కళ్లతో సూర్యుణ్ణి చూస్తే చూపు పోతుందని చెప్పి, ఊరూరా పంచి రమ్మని సైన్సు సంఘం పంపింది. అతను ఊరికే పంచలేదు. షరతు పెట్టాడు. గ్రహణం పూట తినకూడదన్న భయం వదిలి, అందరి ముందు ముద్ద మింగుతామన్న వాళ్లకే అద్దాలు.

పినపాక అవతల అడవి అంచు తండాలో హేమ్లి చెయ్యి చాపింది. బట్టల మీద అద్దపు బిళ్లలు కుట్టి బతికే మనిషి.

"నాకొకటియ్యి సారూ."

"తింటవా మరి?"

"తినను. రోకలి నిలబెట్టాలె. అది పడేదాంక కావలుండాలె."

గ్రహణం ఉన్నంతసేపూ నీళ్ల పళ్లెంలో రోకలి నిలుస్తుందనీ, విడవగానే పడుతుందనీ అక్కడి నమ్మకం.

"అయితే పోయి రోకలినే చూసుకో," అన్నాడు కోటేష్. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నీళ్లలో మెరిసే సూర్యుణ్ణి చూసినా ప్రమాదమేనని అతనికి తెలుసు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. నవ్వు చెడిపోతుందని మింగేశాడు.

మర్నాడు పొద్దున్నే గ్రహణం పట్టింది. జూలై మబ్బు విడిపోయింది. హేమ్లి వాకిట్లో, తోమిన ఇత్తడి పళ్లెంలో రోకలి నిలబెట్టి దాని మొదలునే చూస్తూ కూర్చుంది. ఏటవాలు ఎండ నీళ్లలో భగభగ మెరిసింది. రోకలి పడేదాకా ఆమె చూపు తిప్పలేదు. అవతలి వీధిలో కోటేష్ పులిహోర పొట్లాలు పంచుతూ ఫొటోలు దిగుతున్నాడు.

కొన్నాళ్లకు మళ్లీ ఆ తండాకు వెళ్లాడు. హేమ్లి గడపలో కూర్చుని సూదిలోకి దారం ఎక్కించబోతోంది. దారం పక్కకు పోతోంది.

"ఏందక్కా?"

"సూదిని జూస్తె సూదే కనబడ్త లేదు. చుట్టూత అంత ఉంది, నడుమ మసి. నిన్ను గుడ గొంతు పట్టే గుర్తుపట్టిన. నీ చొక్కా ఉంది, తల లేదు."

ఆమె నవ్వింది. అతను నవ్వలేకపోయాడు.

"దవాఖానకు పోయినవా?"

"భద్రాచలం పోయిన. సూర్యుని జూసినవా అన్నడు డాక్టరు. తలే ఎత్తలే, రోకలిని జూసిన అన్న. చూపు వస్తదో రాదో చెప్పలేనన్నడు."

మూఢనమ్మకం అనే మాట అలవాటుగా అతని నాలుక మీదికి వచ్చి ఆగిపోయింది.

"ఆ అద్దాలు ఇంక ఉన్నయా సారూ?"

సగం సంచి మిగిలే ఉంది. "ఉన్నయి."

"ఒకటియ్యి. ఇయ్యాల తింటనే ఉన్న గద. పెట్టుకుంటె మసి పోతదేమో."

"ఇప్పుడు పనికిరావక్కా."

"ఆ పొద్దు పనికొస్తుండెనా?"

"అవ్," అన్నాడు కోటేష్.

తల దించుకున్నాడు. ఆమెకు అదీ కనబడలేదు.