ఇరవై నిమిషాల కంప్యూటర్

స్విచ్చి నొక్కి ప్రేమలత వాకిలి ఊడ్వడానికి పోయింది. ఊడ్చి, సానుపు చల్లి, నాలుగు గీతల ముగ్గు వేసి లోపలికి వస్తే తెర ఇంకా నల్లగానే ఉంది. స్టవ్ మీద చాయ్ పెట్టింది. చాయ్ పొంగింది, వడబోసుకుంది, సగం తాగింది. అప్పటికి తెర నీలంగా మారి మూల నుంచి ఒక్కొక్క బొమ్మ తేలడం మొదలుపెట్టింది. పెట్టె లోపలి ఫ్యాను మాత్రం మొదటి నిమిషం నుంచీ పిండి గిర్నీలా మొత్తుకుంటూనే ఉంది. పని తక్కువ, కూత ఎక్కువ.

ఇరవై నిమిషాలు. ఆమె చాలాసార్లు గడియారం పెట్టి చూసుకుంది. చలికాలం పద్దెనిమిది, ఎండాకాలం ఇరవై రెండు.

గిర్మాజీపేటలో ఒక సందు చివర రెండు గదుల ఇల్లు. ముందు గదిలో బల్ల, బల్ల మీద ఈ ముసలి కంప్యూటర్, పక్కన ప్రింటర్. యాభై నాలుగేళ్ళ ప్రేమలత ఇక్కడ కూర్చొని పెండ్లి పత్రికలు కంపోజ్ చేస్తుంది. పత్రిక తయారైతే బజారులోని ప్రెస్సుకు పంపుతుంది, వాళ్ళు కార్డులు అచ్చువేస్తారు. అడపాదడపా పోయినవాళ్ళ పోస్టర్లు కూడా వస్తాయి. పెనిమిటి రమాకాంత్ పోయి తొమ్మిదేండ్లు. ఆయన సీసం అక్షరాలు ఏర్చి పేర్చిన చేతి పనివాడు. ఆ పని మూలకు పడ్డాక ఈ కంప్యూటర్ కొని, తాను అక్షరానికి అక్షరం వెతుక్కుంటూ నేర్చుకొని, భార్యకు కూడా నేర్పాడు. ఆమె చేయి ఆయన చేతికంటే వేగమైంది. ఆయన దానికి మురిసిపోయేవాడు. వాళ్ళ పెండ్లికి మాత్రం కార్డే లేదు. పాలకుర్తి గుట్ట మీద పదిమంది ముందర తాళి కట్టించుకొని దిగి వచ్చింది. ఇప్పటిదాకా ఎన్ని వేల పత్రికలు చేసిందో ఆమెకే తెలియదు.

కొత్తది కొనవచ్చు కదా అని ప్రతివాళ్ళూ అంటారు. అనడానికేం, నోటికి సుంకమా? ఆమె తెలుగు కొట్టే పాత సాఫ్ట్‌వేర్ ఈ పెట్టెలో తప్ప మరోచోట నిలబడదు. పద్నాలుగేండ్ల పత్రికలన్నీ ఇందులోనే ఉన్నాయి. అందుకే దాన్ని ముసలి అత్తను చూసుకున్నట్టు చూసుకుంటుంది. పొద్దున తడిగుడ్డతో తుడుస్తుంది. తెర మీది చెత్తబుట్ట ఖాళీ చేస్తుంది. ఒక ఫైలు మూసిన తర్వాతే ఇంకొకటి తెరుస్తుంది. ఏ మీటైనా ఒకసారి నొక్కి ఊరుకుంటుంది, రెండోసారి నొక్కితే అది అలుగుతుంది. ఎండాకాలం మూత తీసి టేబుల్ ఫ్యాను దానివైపు తిప్పి, తాను చెమటలు కక్కుతుంది. అయినా ఈ మధ్య 'చిరంజీవి' అని కొట్టడం పూర్తయ్యాక గానీ మొదటి 'చి' తెర మీద పడడం లేదు.

తొమ్మిదింటికి సందు మొదట మోపెడ్ ఆగిన చప్పుడైంది. సారంగపాణి వచ్చాడు. పొడుగు మనిషి. ఒకప్పుడు సరిపోయిన చొక్కా ఇప్పుడు కొయ్యకు తగిలించినట్టు వేలాడుతోంది. ఎడమచేతి నరం ఉబ్బి కనబడకుండా పొడుగు చేతుల చొక్కాలే వేస్తాడు. వారానికి మూడుసార్లు దవాఖానలో డయాలసిస్‌కు ఆ చేతినే అప్పగించాలి.

"లేచిందా చెల్లే, నీ మహారాణి?"

"లేస్తాంది అన్నా. ఇంకా కండ్లు నులుముకుంటాంది."

ఆయన సొంత అన్న కాదు. మిల్లులో దారం తెగిన చోటు వెతికి ముడివేసే పనిలో ఇరవై ఏండ్లు గడిపాడు. మిల్లు మూతపడ్డాక, నలభైకి దగ్గరపడిన వయసులో, పిల్లల పక్కన బెంచీ మీద కూర్చొని కంప్యూటర్ రిపేరు నేర్చుకున్నాడు. ఈ కంప్యూటర్‌కు మొదటిసారి వైద్యం చేయడానికి వచ్చిన ఏడాదే ప్రేమలత ఆయనకు రాఖీ కట్టింది. అప్పటి నుంచి తప్పలేదు.

"ఇయ్యాల దీని సంగతి తేల్చుడే. కొత్త డిస్కు తెచ్చిన."

ప్రేమలత చేతిలో చాయ్ గ్లాసు ఆగింది. రెండేండ్లుగా ఆయన ఈ మాట అంటున్నాడు, ఆమె వద్దంటోంది. "అన్నా, అక్షరాలు పోతయేమో. అవి పోతే నేను పోయినట్టే."

"ఒక్క అక్షరం పోదు. పాతదాంట్ల ఉన్నది ఉన్నట్టు దీంట్లకు దింపుత. మొత్తం తుడిచి కొత్తగ ఎక్కిచ్చుడు నాకు రాదా? నీ అక్షరాల కోసమే గదా ఇన్నేండ్లు ఆగిన." కంప్యూటర్ ఆపి, మూతకున్న మరలు విప్పుతూ తల ఎత్తకుండానే అన్నాడు. "మన కావ్య పెండ్లి పత్రిక ఇయ్యాల పూర్తి గావాలె చెల్లే. నా పేరు ముందర ఆ రెండక్షరాలు పడకముందే."

ఆ రెండక్షరాలు ఏవో చెప్పనక్కరలేదు. ప్రేమలతకు ఒళ్ళు మండింది. "పొద్దుపొద్దున ఏం మాటలవి? నోరు మంచిగుంటే ఊరు మంచిగుంటది."

"డాక్టర్ నీ లెక్క మంచిగ మాట్లాడ్తలేడు మరి. గుండె సగమే కొట్టుకుంటాందట." నవ్వాడు. "ఏం ఫికర్ లేదు. ఇరవై రెండు దినాలే గదా పెండ్లికి. ఉంటనో పోతనో, కార్డు మీదనన్న నిలబడి బిడ్డను ఇచ్చినట్టు ఉండాలె. గంతే."

ప్రేమలత వంటింట్లోకి పోయి చాయ్ గ్లాసు కడిగి వచ్చింది. అక్కడే నిలబడితే ఏడుపు వచ్చేటట్టుంది.

మూత తీస్తే లోపల ధూళి దూదిలా పేరుకొని ఉంది. సారంగపాణి కుడిచేత్తో మెత్తటి బ్రష్షు పట్టి నెమ్మదిగా దులిపాడు. దసరా పూజలో చల్లిన అక్షింతలు ఏడెనిమిది రాలాయి. ఫ్యాను రెక్కల మధ్య నుంచి, దసరా నాడు బంగారమని పంచుకునే జమ్మి ఆకు ఒకటి ఎండి బయటపడింది.

"దీనికి బంగారం పెట్టినవా? ఊపిరాడక సచ్చింది పాపం."

"పండుగ నాడు అందరికి పెట్టి దానికి పెట్టకపోతే ఎట్లన్నా? అన్నం పెట్టేది గదా."

"పెట్టు. నెత్తి మీద పెట్టు, ముక్కుల పెట్టకు."

మెమరీ పట్టీని బయటకు తీసి దాని బంగారు పళ్ళను పెన్సిలు రబ్బరుతో రుద్దాడు. ప్రాసెసర్ మీద వేడిని లాగడానికి పూసి, ఎండి పెళుసుబారిన మందు గీకి, బియ్యపుగింజంత కొత్తది పెట్టాడు. ఇవన్నీ కూర్చొని చేశాడు. పోయినసారి నిలబడే చేశాడు. పెట్టెను జరపాల్సి వచ్చినప్పుడు ప్రేమలత అడగకుండానే వచ్చి జరిపింది. తర్వాత కొత్త డిస్కు తగిలించి పాతదాని నుంచి కాపీ పెట్టాడు. గీత కదలడం మొదలైంది. రెండు గంటలు పడుతుందన్నాడు.

ఆ రెండు గంటలు ఇద్దరూ గోడకు ఆనుకొని కింద కూర్చున్నారు. ఆయనకు నీళ్ళు కూడా కొలిచి తాగాలని తెలుసు కాబట్టి ప్రేమలత చిన్న గ్లాసులో సగమే ఇచ్చింది. మాట మీద మాట వచ్చి తొర్రూరు తాత ముచ్చట వచ్చింది. పాత పత్రిక మీదే పేర్లు మార్చి కొత్త పత్రిక చేయడం ఈ పనిలో అలవాటు. అట్లా మారుస్తూ మారుస్తూ ఒకసారి తొర్రూరు పెండ్లికొడుకు తాత పేరు ముందు కీ.శే. ఉంచేసింది. మూడొందల కార్డులు పంచారు. ఆ తాత బస్సెక్కి వెతుక్కుంటూ వచ్చి ఈ గడపలోనే కూర్చున్నాడు. "నేనింక పోలే బిడ్డా, జర చాయ్ పొయ్యి" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆనాటి నుంచి పత్రిక చేసేటప్పుడు ప్రతి పెద్దమనిషి పేరు దగ్గర ఆగి "ఉన్నరా?" అని పైకి అడుగుతుంది. ఉన్నారంటేనే ముందుకు పోతుంది.

పదకొండున్నరకు కాపీ అయిపోయింది. సారంగపాణి పాత డిస్కు తీగ పీకి, కొత్తదాన్ని దాని స్థానంలో బిగించాడు. మొదలవగానే ఊరికే లేచి కూర్చునే ప్రోగ్రాములు పదకొండు ఉంటే తొమ్మిదింటిని ఆపాడు. "ఇగ నొక్కు" అన్నాడు.

ప్రేమలత నొక్కి, అలవాటు ప్రకారం వంటింటివైపు లేచింది.

"యాడికి పోతానవ్? కూసో."

కూర్చునేసరికి తెర నీలంగా ఉంది. కుర్చీ ముందుకు జరుపుకునేసరికి బొమ్మలన్నీ వచ్చేశాయి. ఫ్యాను రొద లేదు. ఆమె భయంభయంగా పాత ఫైలు ఒకటి తెరిచింది. అక్షరాలన్నీ ఉన్నాయి, ఒత్తుల కింద ఒత్తులు, గుడుల మీద గుడులు. కళ్ళు తుడుచుకుంది. సారంగపాణి కూడా సంతోషపడ్డాడు, కానీ అలసిపోయి గోడకు తల ఆనించాడు.

ఆరేండ్ల కింద ఆయన పెద్దబిడ్డ సౌమ్య పెండ్లికి చేసిన పత్రికనే తెరిచి, కావ్య పేరు మీదికి మార్చడం మొదలుపెట్టింది. పెండ్లికొడుకుది డోర్నకల్, రైల్వేలో పని. వాళ్ళ తాతల పేర్లు వచ్చినప్పుడల్లా "ఉన్నరా?" అని అడిగింది. ఒకాయన ఉన్నాడు, ఒకాయన లేడు. సారంగపాణి తల్లి పేరు దగ్గర అడిగింది. "ఉండె. పోయినేడు పోయింది" అన్నాడు. ఆ పేరు ముందు కీ.శే. కొట్టింది. కొట్టిన అక్షరం కొట్టినట్టే పడుతోంది.

తర్వాతి వరుసలో 'శ్రీమతి & శ్రీ లక్ష్మీనర్సమ్మ - సారంగపాణి' అని ఉంది. ప్రేమలత చేతులు ఆగాయి. నోరు అలవాటుగా తెరుచుకొని మూసుకుంది. గోడ దగ్గర నుంచి ఆయనే జవాబు చెప్పాడు.

"ఉన్నడు. రాయి."

ఒంటిగంట దాటాక ప్రూఫు తీసి, నాలుగు మూలలా పసుపు రాసి ఆయన చేతికిచ్చింది. రెండు కాగితాలు. ఒకటి ఇంటిదేవుని ముందర పెట్టడానికి మడిచి జేబులో పెట్టుకున్నాడు. రెండోది బల్ల మీద పరిచి, కళ్ళద్దాలు పైకి నెట్టి, పెన్ను పట్టుకొని చాలాసేపు చదివాడు. కింద సంతకం పెట్టాడు. సంతకమైన ప్రూఫులో అక్షరం మార్చకూడదన్నది ఈ పనిలో కట్టుబాటు.

"ఇప్పుడే పంపు చెల్లే ప్రెస్సుకు."

"పంపుత అన్నా. నువ్వు పైలం. దవాఖానకు ఆలస్యమైతాంది."

ఆయన మోపెడ్ సందు మలుపు తిరిగేదాకా గడపలో నిలబడింది. లోపలికి వచ్చి పంపబోతూ గోడ మీది క్యాలెండర్ చూసింది. గురువారం. ఒకటిన్నర నుంచి మూడింటిదాకా రాహుకాలం. గడియారం ఒకటీ ఇరవై ఎనిమిది. ఏ పెండ్లి పత్రికనూ ఆమె రాహుకాలంలో ప్రెస్సుకు పంపలేదు. అన్న బిడ్డ పత్రికను పంపుతుందా? రెండు నిమిషాల్లో ఏదైనా తప్పు దొర్లితే? ఇన్నాళ్ళూ ఆగింది గంటన్నర ఆగదా అనుకుంది. అన్నం తింది. బల్ల కింద రాలిన ధూళి ఊడ్చింది. రెండింటికి ఒకసారి, రెండున్నరకు ఒకసారి గడియారం చూసింది.

మూడింటికి పది నిమిషాలుందనగా ఫోన్ మోగింది. కావ్య.

"అత్తమ్మా. నాన్న పోయిండు. మిషన్ మీదనే..." ఆ పిల్ల ఇంకేదో అంది. వెనక లక్ష్మీనర్సమ్మ గొంతు వినబడింది. తర్వాత ఫోన్ ఎవరో తీసుకున్నారు, కట్ అయింది.

ప్రేమలత కుర్చీలో కూర్చుండిపోయింది. ఎదురుగా తెర మీద పత్రిక తెరిచే ఉంది. ఒక్క మీట. ఒకటిన్నర లోపల ఒక్క మీట నొక్కి ఉంటే ఈపాటికి ఆయన పేరు ఆయన కోరినట్టే అచ్చులో పడి ఉండేది. ఏ రాహువు ఎవరిని మింగాడు? తన చేతిని తానే కొరుక్కోవాలనిపించింది.

ఫోన్ మళ్ళీ మోగింది. కావ్య మేనమామ భానుచందర్.

"అక్కా, బావ పోస్టర్ కావాలె. ఫోటో పంపిన. రేపు పొద్దుగాల పదింటికి ఎత్తుతరు. ఇయ్యాల్నే కట్టియ్యాలె చౌరస్తల." గొంతు తగ్గించి అన్నాడు. "పెండ్లి పత్రిక జర ఆపు. దినాలు అయినంక పేరు మార్చి కొట్టిద్దాం."

"సరే తమ్మీ."

ప్రేమలతకు ఒక పద్ధతి ఉంది. పెండ్లి పత్రిక తెరిచిన చేత్తో చావు కబురు కొట్టదు. కంప్యూటర్ పూర్తిగా ఆపి, కాళ్ళూ చేతులూ ముఖమూ కడుక్కొని, మళ్ళీ మొదలుపెట్టి, అది లేచేదాకా గడపలో కూర్చుంటుంది. పోయినవాళ్ళు తెలిసినవాళ్ళైతే ఆ కాసేపు ఏడుస్తుంది. పెనిమిటి పోయిన నాడు ఆయన పోస్టర్ కొట్టడానికి ఇంకెవరూ లేక తానే కొట్టింది. ఆనాడు ఆ ముసలి పెట్టె తొందరపెట్టకుండా కూర్చోనిచ్చింది కాబట్టే చేయగలిగింది.

పత్రిక మూసింది. ఆపింది. మళ్ళీ నొక్కి, పెరట్లో నల్లా దగ్గరికి పోయింది. రెండు దోసిళ్ళు ముఖం మీద చల్లుకొని, కొంగుతో తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి చూస్తే తెర తెల్లారి ఉంది. బొమ్మలన్నీ వరుసగా, సిద్ధంగా ఉన్నాయి.

"ఏడ్వనీకి కూడ టైం ఇయ్యకపోతివి గదన్నా" అంది పైకే.

కూర్చుంది. ఫోటో పెట్టింది. ఎవరి పెండ్లిలోనో దిగింది, నవ్వుతున్నాడు, అప్పుడింకా చొక్కా సరిపోతోంది. దాని కింద 'కీర్తిశేషులు' అని కొట్టింది. వేలు మీట మీద పడటమే ఆలస్యం, అక్షరం వచ్చి కూర్చుంటోంది. ఆగి ఊపిరి తీసుకుందామంటే ఆపేది ఏదీ లేదు. ఆయన పేరు, పుట్టిన తేదీ, ఈనాటి తేదీ. పన్నెండు నిమిషాల్లో పోస్టర్ అయిపోయింది. ఇంత తొందరగా ఏ పనీ ఎప్పుడూ కాలేదు ఈ ఇంట్లో. భానుచందర్‌కు పంపింది. గడియారం మూడూ ఇరవై. రాహుకాలం పోయింది.

కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, తల ఆనించడానికి బల్ల మీది కాగితాలు పక్కకు జరిపింది. వాటి కింద పసుపు ఇంకా పూర్తిగా ఆరని, ఆయన సంతకమున్న ప్రూఫు కాగితం ఉంది. సారంగపాణి ప్రతి పేరు పక్కనా పెన్నుతో చిన్న టిక్కు పెట్టాడు. తన పేరు పక్కన మాత్రం రెండు పెట్టాడు, రెండోది కాగితం చిరిగేంత గట్టిగా.