పిండిమిల్లు అత్త బాధ

వంతెన పనికి వచ్చిన కూలీల కోసం ఊరి చివర రేకుల గదులు వేశారు. వాటివల్ల ఊరికి మంచి జరుగుతోందా, చెడు జరుగుతోందా తేల్చడానికి ఒక సర్వే అమ్మాయి వచ్చింది. చెడే ఎక్కువని తేలితే గదులు విప్పి దూరంగా వేయాలి. ఆమె ఇల్లిల్లూ తిరిగి నీళ్ల గురించి, చప్పుళ్ల గురించి, రాకపోకల గురించి అడిగింది. నీళ్లు చాలుతున్నాయన్నారు. చప్పుడు అలవాటైపోయిందన్నారు. అసలు బాధేమిటో పిండిమిల్లు అత్తను అడగమని చెప్పి, నవ్వు ఆపుకున్నారు.

అత్త ఎవరికీ సొంత అత్త కాదు. మిల్లు మోతను మించిన గొంతు ఆమెది. అందుకే ఊరంతటికీ అత్తయింది. మిల్లు ఆపి, మొహం మీది పిండి మోచేత్తో తుడుచుకుని, తన కష్టం చెప్పుకొచ్చింది.

తప్పంతా సెలూన్ అతనిదట. కూలీలు కొత్త రకం క్రాఫు అడిగారు: పక్కలు నున్నగా, నడినెత్తిన కుచ్చులా. అతను నానా తంటాలు పడి అది నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక ఇంకో క్రాఫు వెయ్యడం మానేశాడు. కొన్నాళ్లకే ఊరి కుర్రాళ్లకూ కూలీలకూ వెనకనుంచి చూస్తే తేడా లేకుండా పోయింది.

ఒకరోజు కిరాణా కొట్టు ముందు తీరిగ్గా నిలబడ్డ కొడుకు అత్త కంటబడ్డాడు. గోధుమ బస్తాలు దింపమని ఆమె పొద్దుటినుంచి మొత్తుకుంటోంది. వెనకనుంచి వెళ్లి చెవి దొరకబుచ్చుకుని, వెనక్కి తిరిగి చూడకుండా, తిడుతూనే మిల్లుదాకా లాక్కొచ్చింది. అతను నోరెత్తలేదు. బస్తాలన్నీ దింపాడు. చేతులు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాక గాని అత్త అతని మొహం చూడలేదు. చూస్తే కొడుకు కాదు, వంతెన దగ్గర వెల్డింగు చేసే అబ్బాయి.

"నీ కొడుకుని కానని చెప్పొచ్చు కదయ్యా" అంది అత్త, గరిటె గాల్లోనే ఆపి.

"మీరు ఊపిరి తీసుకుంటే చెబుదామనుకున్నానండీ" అన్నాడతను.

ఇల్లు వదిలి వచ్చాక తనను అంత శ్రద్ధగా తిట్టినవాళ్లే లేరట. మర్నాడు ఎవరూ చెవి పట్టుకోకుండానే వచ్చాడు. మిల్లు బెల్టు బిగించాడు. చిల్లిపడ్డ డబ్బా అతికాడు. తిట్లు తిన్నాడు, అన్నం తిన్నాడు, వెళ్లాడు. ఖాళీ దొరికినప్పుడల్లా అదే వరస.

మరి సొంత కొడుకు? వాడికి ఇది భలే కలిసొచ్చింది. అమ్మ కేకలు వినపడని చోటు కదా అని రేకుల గదుల్లోకి దూరి, వెల్డింగు అబ్బాయి మంచం మీద ఫ్యాను కింద బోర్లా పడుకున్నాడు. మేస్త్రీ వచ్చి వెనకనుంచి చూశాడు. పని ఎగ్గొట్టి పడుకున్నావా అని లేపి, ఇనుప చువ్వలు మోయించాడు. అమ్మకన్నా మేస్త్రీయే నయమనిపించి, వాడు రోజూ అక్కడికే పోతున్నాడు.

సర్వే అమ్మాయి కాసేపు బుర్ర గోక్కుంది. ఇది మంచి ప్రభావమా, చెడు ప్రభావమా మీరే చెప్పండని అత్తను అడిగింది.

"ప్రభావం సంగతి నాకు తెలీదమ్మా. ఇక్కడ వంగని వాడి నడుము అక్కడెలా వంగింది? నా బాధ అదీ."

"అయితే గదులు తీసెయ్యమని రాయమంటారా?"

అత్త మిల్లులోకి చూసింది. వెల్డింగు అబ్బాయి తలనుంచి కాళ్లదాకా తెల్లగా అయి పిండి జల్లిస్తున్నాడు.

"తీస్తే తియ్యండి. ఈ అబ్బాయిని మాత్రం ఇక్కడ వదిలెయ్యండి. మావాణ్ణి కావాలంటే తీసుకుపోండి."

ఆ మాట ఎవరు మోశారోగాని, కొడుకు వంతెన దగ్గరనుంచి పరుగున వచ్చాడు. చొక్కా నిండా తుప్పు. మార్చుకోవడానికి తనేమైనా పాత సామానా అని అడిగాడు. అడుగుతూ అడుగుతూ ఏడ్చేశాడు. అత్త గబగబా వాడి దగ్గరికొచ్చింది. చెవి పట్టుకోవడానికి చెయ్యి చాచింది. ఈసారి గడ్డం ఎత్తి, మొహం సరిచూసుకుని మరీ పట్టుకుంది.

సర్వే అమ్మాయి గదుల్ని ఉన్నచోటే ఉంచవచ్చని రాసింది. అత్త ఆమెను అన్నం తినకుండా పోనివ్వలేదు. కొడుకు, వెల్డింగు అబ్బాయి ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుంటూ తింటుంటే, అత్త వడ్డిస్తూ ఇద్దర్నీ సమానంగా తిట్టింది. తర్వాత సర్వే అమ్మాయి వైపు తిరిగి, ఈ ఎండల్లో ఊళ్లు పట్టుకు తిరిగే ఉద్యోగమేమిటి, పుల్లలా అయిపోయావు, ఇంట్లో అడిగేవాళ్లు లేరా అని అందుకుంది.

ఆ అమ్మాయి తల వంచుకుని, ఇంకొంచెం కూర వడ్డించమని కంచం ముందుకు జరిపింది.