లిస్టులో లేనివాళ్ళ నీడలు

ఆదివారం పొద్దున గణపతి సింగపూర్‌లో తనుండే చోవా చూ కాంగ్‌లో బస్సెక్కి, క్రాంజీ వైపు ఉన్న క్రికెట్ గ్రౌండు దగ్గర దిగేసరికి ఏడు కొడుతుంది. పదకొండేళ్ళుగా అదే వరస. ముందు పిచ్ మీది టార్పాలిన్ తీస్తాడు. రాత్రి వానకి ఎంత చెమ్మ దిగిందో బూటు మడమతో నొక్కి చూస్తాడు. తర్వాత స్టంపులు పాతుతాడు. అప్పటికి గ్రౌండు పని చూసుకునే మలయ్ పెద్దాయన గడ్డి కోసే బండి తోలుకుంటూ గ్రౌండు చుట్టూ తిరుగుతుంటాడు. మిడ్ వికెట్ బౌండరీ దగ్గరకి రాగానే బండిని కాస్త పక్కకి తిప్పి, అక్కడున్న నీడని తప్పించుకుని వెళ్తాడు.

ఆ నీడ సాంబమూర్తిది. తొమ్మిదేళ్ళ కిందట అంపైర్ మీద చెయ్యి చేసుకున్నాడని అతన్ని టీములోంచి తీసేశారు. తీసేసినవాడి నీడ గ్రౌండులోనే ఉండిపోతుంది. తనంతట తాను మానేసినవాడైతే నీడని వెంట తీసుకునే పోతాడు. ఉద్యోగాలు మారి వెళ్ళినవాళ్ళూ, మోకాళ్ళు అరిగి మానేసినవాళ్ళూ అలాగే పోయారు. సాంబమూర్తి ఇప్పుడెక్కడున్నాడో ఎవరికీ తెలీదు. నీడ మాత్రం పొద్దున పడమటికీ సాయంత్రం తూర్పుకీ సాగుతూ, వచ్చే బంతి కోసం కాచుకుని ఉంటుంది.

పదిహేడేళ్ళలో అలా మిగిలిన నీడ అదొక్కటే. టీము పెట్టిన దశరథరామయ్య ఎవర్నీ అంత తేలిగ్గా వదిలేవాడు కాదు. ఓడల్లో ఇంజినీరుగా చేసి రిటైరయిన మనిషి. డార్మిటరీల్లో ఉండే పనివాళ్ళనీ, ఆఫీసుల్లో పనిచేసే వాళ్ళనీ ఒకే జెర్సీలో నిలబెట్టాడు. ఓవర్‌టైమ్ ఉండి ఒకడు పది ఓవర్లు ఆలస్యంగా వస్తే, అప్పటిదాకా పదిమందితోనే ఆడించేవాడు.

ఆ పదిహేడో ఏట టీము మూడో డివిజన్ నుంచి రెండో డివిజన్‌కి ఎక్కింది. ఎక్కిన నెలకే కమిటీ ఎన్నిక పెట్టారు. బ్యాంకులో పెద్ద హోదాలో ఉన్న జగన్మోహనరావు అధ్యక్ష పదవికి దశరథరామయ్య మీద పోటీకి నిలబడ్డాడు. హాల్లో అరుపులూ కేకలూ అయ్యాయి. ముసలాయన్ని పట్టుకుని "నీ కాలం అయిపోయింది" అన్నారు. ఓటింగంటే చేతులెత్తడమే. జగన్మోహనరావుకి ఇరవై ఆరు, రామయ్యకి ఇరవై మూడు. ఆ ఇరవై ఆరులో గణపతి చెయ్యి కూడా ఉంది. సెలెక్టర్ పదవి ఇస్తామని ముందురోజే మాటిచ్చారు మరి.

"ఇంక దించు గణపతీ, లెక్కపెట్టేశారు," అన్నాడు దశరథరామయ్య, అతని వంక చూడకుండానే.

జనవరి ఆఖరుకల్లా పద్దెనిమిది మంది పేర్లు లీగ్‌కి పంపాలి. క్లెమెంటిలో జగన్మోహనరావు ఫ్లాట్‌లో ఇద్దరూ లాప్‌టాప్ ముందు కూర్చున్నారు.

"ఈ ఐదుగుర్నీ తీసెయ్," అన్నాడు జగన్మోహనరావు. ఐదుగురూ వర్క్ పర్మిట్ మీద వచ్చిన పనివాళ్ళే. "టాస్ టైమ్‌కి రానివాడు, వీక్‌డే ప్రాక్టీస్‌కి రానివాడు నాకొద్దు. ఈ డివిజన్లో ఇంకా దయాదాక్షిణ్యాలతో ఆడదామంటే కుదరదు."

"దానయ్య స్లిప్‌లో మూడేళ్ళలో రెండే క్యాచ్‌లు వదిలాడండీ."

"అతని షిఫ్ట్ చూసుకుని లీగ్ వాళ్ళు మ్యాచ్‌లు పెడతారా?"

"తీసేస్తే నీడలు అక్కడే ఉండిపోతాయి కదా."

"ఉండనీ. గ్రౌండ్ పెద్దదే."

గణపతి ఐదు పేర్లూ కొట్టేశాడు. ఐదుగురికీ ఒకే మెసేజ్ పెట్టాడు. అది చూసి అతని భార్య ప్రసన్నలక్ష్మి, "మూడేళ్ళు నీ పక్కన నిలబడ్డవాడికి ఫోన్ చేసి చెప్పడానికి నోరు రాలేదా?" అంది. 

తర్వాతి ఆదివారం గ్రౌండులో ఐదు కొత్త నీడలు కనిపించాయి. దానయ్య నీడ ఫస్ట్ స్లిప్‌లో నడుం వంచి, చేతులు దోసిలిగా పట్టి ఉంది. మారయ్య నీడ మిడాఫ్‌లో. మిగతా మూడూ బౌండరీ దగ్గర. పెద్దాయన గడ్డి కోసే బండిని ఇంకో ఐదుచోట్ల తిప్పాడు. స్లిప్‌లోకి తెచ్చుకున్న కొత్త కుర్రాడు కాళ్ళకి చల్లగా తగులుతోందని రెండడుగులు పక్కకి జరిగి నిలబడ్డాడు. రెండు క్యాచ్‌లు వదిలేశాడు.

గణపతి మీద కోపం అన్ని వైపుల నుంచీ వచ్చింది. ఫోన్‌లో బూతులు వచ్చాయి. పనివాళ్ళకి మెస్ నడిపే కోటేశ్వరి దగ్గర అతను పదేళ్ళుగా ఆదివారం భోజనం కట్టించుకునేవాడు. ఆమె గరిటె కింద పెట్టి, "మీకు ఇక్కడ కట్టను. అధ్యక్షుల వారింట్లో వండుతారేమో అడగండి," అంది. వరసలో ఉన్నవాళ్ళలో ఒక్కడూ అయ్యో అనలేదు. గణపతికీ పంతం వచ్చింది. పదిమందితో ఆడి ఓడిపోయిన మ్యాచ్‌లు వీళ్ళెవరికీ గుర్తులేవా అనుకున్నాడు. తను చేసింది న్యాయమేనని రోజూ బస్సులో తనకి తనే చెప్పుకునేవాడు.

రెండు వారాలు గడిచాక ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే, తనుండే బ్లాక్ కింద రాతి బల్ల దగ్గర దానయ్య నిలబడి ఉన్నాడు. శ్రీకాకుళం మనిషి, ముప్పై ఐదేళ్ళుంటాయి. పని బూట్లకి సిమెంటు ఎండిపోయి ఉంది. వాలుగా పడుతున్న ఎండలో స్తంభాల నీడలున్నాయి, బల్ల నీడ ఉంది, అతనిది లేదు.

"కూర్చో దానయ్యా."

"కూకోడానికి రాలేదు." ఎప్పుడూ గణపతి గారూ అని పిలిచే మనిషి ఈసారి పేరే ఎత్తలేదు. "నా పనేటో నీకు తెల్సు కదా. క్రేను కొక్కేనికి లోడు తగిలించాల, కిందకి దిగినాక ఇప్పాల. పైనున్నోడికి మనిసి అగపడడు. టోపీ సుక్కలాగుంటాది. నీడ సూసే మనిసని పోల్చుకుంటాడు."

గణపతికి విషయం అర్థమైంది.

"మొన్న మంగళోరం ఇనప దూలం నా మీదకే దించేసినాడు. పక్కనోడు రెక్క పట్టి లాగీసినాడు కాబట్టి ఉన్నాను. సూపర్‌వైజర్ వొచ్చి సూసి, నీడ లేనోడు సైట్లో ఉండకూడదని పంపేసినాడు. నెలాకరుకి నీడ రాకపోతే పర్మిట్ కేన్సిల్ సేస్తారట."

"ఇంకేదైనా పనిలో పెట్టమని అడిగావా?"

"అడగలేదనుకున్నావా?" దానయ్య గొంతు పెరిగింది. పక్క బల్ల దగ్గర పేకాడుకుంటున్న ముసలాళ్ళు తలెత్తి చూశారు. "నీ టీములో ఆడాలన్న సరదా నాకేటీ లేదు. లిస్టులో నా పేరెట్టు. నా నీడ నాకొస్తాది. ఆ తర్వాత నీ దారి నీది, నా దారి నాది."

ఆ రాత్రి గణపతి అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. మర్నాడు జగన్మోహనరావుకి ఫోన్ చేశాడు.

"అది వాళ్ళ కంపెనీ ప్రాబ్లెమ్," అన్నాడు జగన్మోహనరావు.

"మనం తీసేస్తేనే కదండీ నీడ పోయింది."

"గణపతీ, నిన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది నాకు నీతులు చెప్పడానికి కాదు. లిస్ట్ ఫైనల్." ఫోన్ పెట్టేశాడు.

లీగ్ వెబ్‌సైట్ పాస్‌వర్డ్ గణపతి దగ్గర కూడా ఉంది. గడువు తీరేదాకా పేర్లు మార్చుకోవచ్చు. లిస్టులో పద్దెనిమిది పేర్లు. దానయ్యని చేర్చాలంటే ఒకర్ని తియ్యాలి, తీస్తే అతని నీడ గ్రౌండు పాలవుతుంది. చాలాసేపు పేర్లు కిందకీ పైకీ జరుపుతూ కూర్చున్నాడు. పదిహేనో పేరు అభిరామ్. జగన్మోహనరావు చెల్లెలి కొడుకు, ఫాస్ట్ బౌలర్. ఇంకా ఒక్కసారి కూడా ఆ గడ్డి మీద కాలు పెట్టలేదు. కాలు పెట్టనివాడి నీడ అక్కడ ఉండదు. గణపతి అభిరామ్ పేరు తీసి దానయ్య పేరు పెట్టాడు.

గంటలో ఫోన్ మోగింది.

"నా మేనల్లుణ్ణే తీస్తావా? నా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషివి."

"నీడ పోనివాడు అతనొక్కడే ఉన్నాడండీ."

"సరే, నీ దానయ్యని నువ్వే ఉంచుకో. ఇప్పుడు తీస్తే నీడ, పర్మిట్ అని నా మీద ఏడుస్తారు. అభిరామ్ మళ్ళీ వస్తాడు. నీ పేరు నేను కొట్టేస్తాను. ఆటగాడిగానూ, సెలెక్టర్‌గానూ. ఆదివారం వచ్చి కిట్ అప్పజెప్పి పో."

ఆదివారం దానయ్య తొమ్మిదింటికి వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడకుండా స్లిప్ దగ్గరకి నడిచి, వంగి, దోసిలి పట్టాడు. చెప్పులో కాలు పెట్టినంత సులువుగా నీడ అతని పాదాలకి అతుక్కుంది. నాలుగడుగులు అటూ ఇటూ వేసి చూసుకున్నాడు. నీడ వెంటే వచ్చింది. తిన్నగా జగన్మోహనరావు దగ్గరకి వెళ్ళి, "నాను మానెత్తున్నాను. ఎవుళూ తియ్యలేదు, నానే మానెత్తున్నాను. కాయితం మీద అదే రాయి," అన్నాడు.

గేటు దగ్గర గణపతి ఎదురయ్యాడు. దానయ్య ఏదైనా అంటాడేమోనని ఆగాడు.

"నాకు సాయం సేసేనని ఎక్కడా సెప్పుకోకు," అన్నాడు దానయ్య. "నువ్వు సెరిపింది నువ్వే దిద్దినావు. అంతే." రోడ్డు దాటి బస్సెక్కాడు. నీడ కూడా మడత పడుతూ మెట్లెక్కింది. సోమవారం అతన్ని పనిలోకి తీసుకున్నారు.

గణపతి కిట్ బ్యాగు అప్పజెప్పగానే జగన్మోహనరావు లిస్టులో అతని పేరు కొట్టేశాడు. గణపతి వెనక్కి తిరిగాడు. నాలుగడుగులు వెయ్యగానే మడమల కింద ఏదో ఊడినట్టయింది. మిడాన్‌లో అతని నీడ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. నీడ లేని మనిషికి ఎండ అన్ని పక్కల నుంచీ తగులుతుందని దానయ్య చెప్పలేదు. గేటు దాకా కూడా నడవలేకపోయాడు.

బౌండరీ అవతల రేకుల షెడ్డు కింద పొడవాటి బెంచీ ఒకటి ఉంది. తీసేసిన మిగతా నలుగురూ ప్రతి ఆదివారం వచ్చి అక్కడే కూర్చుంటున్నారని గణపతికి తెలుసు. మారయ్య షిప్‌యార్డులో ఓడ కడుపులో పనిచేస్తాడు. అక్కడ నీడతో ఎవరికీ పని లేదు. అయినా తన నీడని విడిచి ఉండలేక వస్తాడు. మధ్యలో దశరథరామయ్య కూర్చుని ఉన్నాడు. గణపతి వెళ్ళి బెంచీ చివర ఎండ పడేచోట కూర్చున్నాడు.

"ఇది మా చోటు," అన్నాడు మారయ్య.

"తెలుసు."

"తెలిసీ వచ్చావా?"

గణపతి గ్రౌండు వైపు చూశాడు. అక్కడ ప్రాక్టీసు మొదలైంది. బంతి వెళ్ళి మిడాన్‌లో అతని నీడ మీదుగా దొర్లుకుంటూ పోయింది. దాన్ని అందుకోడానికి వచ్చిన కొత్తవాడు నీడని తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్ళాడు.

"ఎండలో ఉన్నాడు. కాస్త జరగండి," అన్నాడు దశరథరామయ్య ఎవరితోనో అన్నట్టు.

మారయ్య పక్కనే ఉన్న తన సంచీ మీద చెయ్యి వేసి, దాన్ని అక్కడే ఉంచాడు. గణపతి ఆ పూటంతా ఎండలోనే కూర్చున్నాడు. పై ఆదివారమూ వచ్చాడు, ఆ పై ఆదివారమూ వచ్చాడు. నాలుగో వారం మారయ్య సంచీ తీసి కింద పెట్టుకున్నాడు. మాట మాత్రం మాట్లాడలేదు.